చావులేనివాడికి జ్వరం

పోయినవారం మనం చాదస్తాన్ని పళ్ళసెట్లు కట్టే ఒక ఇంటి గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. లోపలికి తీసుకెళ్ళే ముందు, బండి మధ్యలో ఎక్కినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పుకోవాలి. మొదటినుంచీ ఉన్నవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

చాదస్తం అనేది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. పగలు ఆ అమ్మాయి కళ్ళజోళ్ళ దుకాణంలో కూర్చుని, వచ్చినవాళ్ళ చేత గోడమీది అక్షరాలు చదివిస్తుంది. తక్కిన వేళల్లో చీకటిదొర కథలు దిద్దుతుంది. చీకటిదొరని ఎరగనివాళ్ళు ఈ రోజుల్లో తక్కువ. వందల ఏళ్ళుగా చావు లేకుండా, మనుషుల నెత్తురు తాగుతూ, నల్లకోటు నలగకుండా తిరుగుతున్న మహానుభావుడాయన. ఆయన్ని పుట్టించిన రచయిత్రి కొన్ని నవలలు రాసి, విసుగుపుట్టి, కథని నట్టేట్లో వదిలి చేతులు దులుపుకుంది. అభిమానులు ఊరుకుంటారా? తలా ఒక కొనసాగింపు అందుకున్నారు. వాళ్ళకో సైటు, ఆ సైటుకో కట్టుబాటు. ఎవరు రాసినా సరే, ఇంకొకరు దిద్దితే తప్ప అధ్యాయం పైకెక్కదు. దొరకి ఊపిరి లేదు, ఒంట్లో వేడి లేదు, అద్దంలో బొమ్మ లేదు, తిండి సయించదు, ఎండ పడితే బూడిదే. ఇందులో ఏది తప్పినా ఎర్రగీత పడాల్సిందే. మన అమ్మాయి గీసే ఎర్రగీతలకి తట్టుకోలేక గుంపంతా కలిసి తగిలించిన పేరు చాదస్తం. నిజమే కదా అని తనూ ఉంచేసుకుంది.

ఆ రాసేవాళ్ళలో మకుటం లేని మహారాణి గుడ్లగూబ. అదీ పెట్టుకున్న పేరే. అసలు పేర్లు, ఇళ్ళూ వాకిళ్ళూ అడక్కూడదన్నది అక్కడి మర్యాద. అసలు కన్నా కొసరెక్కువ అన్నట్టు, రచయిత్రి నవలల కన్నా గుడ్లగూబ కొనసాగింపుకే జనం ఎగబడేవాళ్ళు. దాన్ని మొదటి పేజీ నుంచీ దిద్దింది చాదస్తమే. మాటలే తప్ప మొహాలు ఎరగకుండా ఇద్దరూ ప్రాణస్నేహితులైపోయారు.

అలాంటిది, కొన్ని నెలల కిందట దొరకి జ్వరం రావడం మొదలైంది. దొర గుమ్మంలోకి రాగానే ఆయన్ని కనిపెట్టుకుని ఉండే ముసలి దాది నుదుటిమీద చెయ్యి పెట్టి చూస్తుంది. చాదస్తం ఎర్రగీత పెట్టి, ఒంట్లో వేడి లేనివాడికి జ్వరమేమిటని రాస్తుంది. తప్పే, తీసేశాను అని జవాబు వస్తుంది. మళ్ళీ వారం దొర వానలో తడుస్తాడు, దాది తల తుడుస్తుంది, లేకపోతే జలుబు చేస్తుందట. ఊపిరే లేనివాడికి జలుబెక్కడిది? ఇంకో వారం దొర కాళ్ళమీద దుప్పటి. అనుమానం పెనుభూతం అంటారు. గుడ్లగూబ పేరు పెట్టుకుని ఇంకెవరో రాస్తున్నారని చాదస్తానికి గట్టిగా అనిపించింది. ఎప్పుడో గుడ్లగూబ సరదాకి పంపిన దొరగారి కట్టుడు కోరల పెట్టె మీద ఒక పళ్ళ వర్క్‌షాపు చిరునామా ఉంది. దుకాణానికి సెలవు పెట్టి బస్సెక్కింది. గుమ్మంలో నిలబడి, ఇక్కడ కథలు రాసే అమ్మాయి ఎవరైనా ఉన్నారా అని అడిగితే, పనిచేసుకుంటున్న పెద్దాయన తలెత్తకుండానే జవాబు చెప్పాడు.

"మా అమ్మాయా? పోయింది తల్లీ. ఏడాది కావస్తోంది."

కొత్త అధ్యాయం దిద్దమని గుడ్లగూబ దగ్గర్నుంచి వచ్చింది నిన్ననే. అక్కడ ఆగాం.

పెద్దాయన మాట కటువుగా ఏమీ లేదు. ఎంతమందికి చెప్పాడో, చెప్పీ చెప్పీ అరిగిపోయిన మాట అది. చెప్పేసి మళ్ళీ గులాబీరంగు చిగుళ్ళకి సానపట్టసాగాడు. గోడ పొడవునా బల్లలమీద ఊళ్ళోవాళ్ళ దవడలన్నీ ప్లాస్టర్ అచ్చులై నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. కరిగిన మైనం వాసన, ప్లాస్టర్ దుమ్ము. ఆ దుమ్ము పడి ఆయన జుట్టు ఉన్నదానికన్నా తెల్లగా కనిపిస్తోంది.

చాదస్తం గుమ్మంలోనే నిలబడిపోయింది. స్నేహితురాలు పోయిందన్న సంగతి ఇంకా ఒంటికి పట్టలేదు. ఆ అమ్మాయి వెళ్ళలేదని గమనించి పెద్దాయన మిషను ఆపాడు. ఎవరమ్మా నువ్వు అన్నాడు. కథల స్నేహితురాలినని చెప్పి, ఏం చెప్పాలో తెలియక కోరల సంగతి ఎత్తింది. దాంతో ఆయన మొహంలో కాస్త వెలుగొచ్చింది.

"ఆ కోరలు నీకేనా! చెబితే వినేది కాదమ్మా. అంత పొడుగు పళ్ళు పెడితే నోరు మూతపడదే, నెత్తురు తాగడం దేవుడెరుగు, చొంగ కారకుండా మాట్లాడితే అదే పదివేలు అన్నాను. అయినా చేయించుకుంది."

నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. స్టూలు చూపించి కూర్చోమన్నాడు. ఆ తర్వాత, అడక్కుండానే, ఎదుటివాళ్ళు కాసేపు ఉంటే చాలు ఆయన నోటికి వచ్చేసే మాట ఒకటి వచ్చింది. సమయానికి రక్తం దొరకలేదని. పొద్దుటినుంచీ ఊరంతా తిరిగాడట. ఈ బ్లడ్‌బ్యాంకు కాదంటే ఆ బ్లడ్‌బ్యాంకు, కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడట. చివరికి ఇవ్వడానికి ఒప్పుకున్న ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి అంతా అయిపోయింది. బస్సు కోసం నిలబడకుండా ఆటో ఎక్కి ఉంటే ఏమయ్యేదో అన్నాడు. ఆ తర్వాతినుంచీ తను రక్తం ఇస్తూనే ఉన్నాడట. మరీ తొందరగా వస్తున్నావు, ఇంకొన్నాళ్ళు ఆగు పెద్దాయనా అని వాళ్ళే వెనక్కి పంపుతుంటారట.

ఏ ప్రమాదమో, ఏ ఆపరేషనో అనుకుంది చాదస్తం. అడిగే ధైర్యం లేకపోయింది. పెద్దాయన లోపలికి తిరిగి, ఇదిగో చూడు, మన పిల్ల స్నేహితురాలట అని కేకేశాడు.

లోపల్నుంచి తల్లి వచ్చింది. తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, ఎవరు ఏమిటి అని ఒక్క మాటైనా అడక్కముందే, చెయ్యి చాపి వేళ్ళ వెనకవైపు చాదస్తం నుదుటికి ఆనించింది. తర్వాత మెడకి. జ్వరం లేదులే, లోపలికి రా అంది.

పెద్దాయన నొచ్చుకుంటూ సర్దిచెప్పాడు. ఏమనుకోకమ్మా, పనివేళ అలవాటు అన్నాడు. ఉద్యోగాలకెళ్ళే తల్లులు పసిపిల్లల్ని వదిలివెళ్ళే క్రెష్‌లో ఆవిడ ఆయా. ఒక్క పిల్లకి జ్వరమొస్తే వారంలో అందరికీ అంటుకుంటుంది. అందుకని పొద్దున్నే గుమ్మంలో నిలబడి, వచ్చిన ప్రతి పిల్ల నుదురూ మెడా చూస్తేగానీ లోపలికి వదలదు. ఇన్నేళ్ళకి ఆ చేతికి పిల్లలూ పెద్దలూ తేడా తెలియకుండా పోయింది. గ్యాసు బండ తెచ్చేవాడికి కూడా తప్పదట.

ఆయన చెబుతూనే ఉన్నాడు. చాదస్తం వినడం ఎప్పుడో మానేసింది. ముందు నుదురు, తర్వాత మెడ. వేళ్ళ వెనకవైపు. ఇన్ని నెలలుగా తను ఎర్రగీత పెట్టి కొట్టేస్తూ వచ్చిన చెయ్యి అదే. ఇంతదూరం దొంగ దొరికితే కడిగిపారేయాలని వచ్చిన మనిషికి, దొంగ ఎదురుగా నిలబడి జ్వరం లేదులే అంటే ఏం చెయ్యాలో పాలుపోలేదు. తల్లికి మాత్రం, భర్త నోట కథల స్నేహితురాలు అన్న మాట చెవిన పడగానే మొహం మారిపోయింది. చాదస్తం చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేసింది.

గుడ్లగూబ గది అది. మంచం, బల్ల, బల్లమీద కంప్యూటరు, కిటికీకి మందపాటి తెర. మంచంమీద దుప్పటి మడతపెట్టి లేదు, ఎవరో ఇప్పుడే లేచివెళ్ళినట్టు చెదిరి ఉంది. ఏడాదిగా ఎవరూ దాన్ని సర్దలేదో, లేక రోజూ సర్ది మళ్ళీ అలా పెడుతున్నారో.

"రాస్తున్నది మీరే కదా ఆంటీ?"

తల్లి నీళ్ళు నమిలింది. తనకేం తెలుసంది. తను పిల్లలకి ముక్కులు తుడిచే మనిషినంది. ఆ కంప్యూటరు సంగతి దాని స్నేహితులు ఎవరికైనా తెలిసి ఉండవచ్చంది. ఏమీ ఎరగనట్టు మాట్లాడుతూనే చేత్తో కీబోర్డు మీది గుడ్డ సర్దుతోంది. చాదస్తం దగ్గరికి వెళ్ళింది. తన చెయ్యి ఎత్తి, వేళ్ళ వెనకవైపు ఆవిడ నుదుటికి ఆనించింది. తర్వాత మెడకి.

"ఈ చేతిని ఎన్నిసార్లు కొట్టేశానో మీకే తెలుసు."

ఆవిడ మంచంమీద కూలబడింది. కాసేపటికి, క్రెష్‌లో తప్పుచేసి దొరికిన పిల్లల్లా నేలచూపులు చూస్తూ, అది అంత పెద్ద తప్పా అని అడిగింది. చచ్చినవాడికి జ్వరం రాదు ఆంటీ అనేసింది చాదస్తం. అనేశాక నాలిక కరుచుకుంది. ఇలాంటి మాట దిద్దడానికి ఎర్రగీతలు ఉండవు. తల్లి మాత్రం అవును, రాదు అని నెమ్మదిగా తలూపింది.

ఆ జాలి ఎంతోసేపు నిలవలేదు. ఎందుకంటే చాదస్తానికి ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. ఈ ఏడాదిలో తను ఆ పేరుతో ఎన్ని మాట్లాడింది! కుదిరిన సంబంధం తప్పిపోయిన రోజు ఇంట్లోవాళ్ళకి చెప్పుకోలేని మాటలన్నీ గుడ్లగూబకే రాసింది. అసలు గుడ్లగూబ అయితే ఆ పెళ్ళికొడుకుని నాలుగు తిట్టి, వాడి నెత్తురు దొరకి కూడా పనికిరాదని రాసి నవ్వించేది. జవాబు అలా రాలేదు. అన్నం తిని పడుకోమ్మా, పొద్దున్నకి కాస్త తేలిగ్గా ఉంటుంది అని వచ్చింది. ఆ రాత్రి ఆ మాట పట్టుకునే నిద్రపోయింది తను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండిపోయింది. ప్రాణస్నేహితురాలు పోతే పోయిందని చెప్పేవాళ్ళు లేరు. ఏడవాల్సిన ఏడుపు ఏడవలేదు. పైగా ఆ ఏడాదంతా ఆ పేరుతోనే కబుర్లు చెప్పుకుంది. ఇదంతా గొంతు పెంచకుండానే అడిగింది గానీ, ఒక్క మాటా మిగల్చకుండా అడిగింది.

తల్లి అన్నీ విన్నది. సమర్థించుకోలేదు. పోయిన కొత్తలో కంప్యూటరు తీసి ఎవరికైనా కబురు చెబుదామనే కూర్చుందట. ఆవిడకి ఒక్క వేలితో తప్ప కొట్టడం రాదు. తెరిచి చూస్తే ఎవరెవరో రాసిన మాటలు వరసగా ఉన్నాయి. తర్వాతి భాగం ఎప్పుడని, ఒంట్లో బాగాలేదా అని, మేం కాచుకుని ఉన్నామని.

"ఇంట్లో మేమిద్దరం ఏడుస్తున్నాం. అక్కడేమో అంతమంది అది బతికే ఉందనుకుంటున్నారు. వాళ్ళ దగ్గరికి పోయి కూర్చోవాలనిపించింది. అంతే తల్లీ."

కూతురు ఉన్నన్నాళ్ళూ ఆ రాతలు ఒక్క ముక్క చదవలేదట. నెత్తురు తాగే కథలేమిటే, వేరే కథలే దొరకలేదా అని కసురుకునేదట. తర్వాత కూర్చుని మొదటినుంచీ చదివింది. చదవడం అయిపోయాక ఇంక ఆగలేక, తనే ఒక పేజీ రాసింది. దాన్ని ఎర్రగీతలతో దిద్ది పంపేవాళ్ళు ఒకరు ఉన్నారని అప్పుడే తెలిసింది. ఆ గీతలు రాగానే భయమేసిందట. అయినా సంతోషమేసిందట, కూతురితో మాట్లాడే మనిషి తనతో మాట్లాడుతున్నందుకు.

చాదస్తం అప్పుడే ఒక నిర్ణయానికి వచ్చేసింది. సైటువాళ్ళకి ఈ రోజే చెప్పేస్తానంది. కథ ముగించాలి, గుడ్లగూబ ఇక లేదని అందరికీ తెలియాలి, తెలిసినవాళ్ళు తెలిసినట్టు ఏడవాలి అంది. అది న్యాయమే. న్యాయమని తల్లికీ తెలుసు. అయినా ఆవిడ లేచి చాదస్తం చెయ్యి రెండు చేతులతోనూ పట్టుకుని, కథ ఆపవద్దని, దొరని చంపవద్దని బతిమాలింది. దుప్పట్లు కప్పనంది. నుదురు చూడనంది. తిండి ఊసెత్తనంది. ఎన్ని గీతలు పెడితే అన్నీ దిద్దుకుంటానంది. ఊపిరి లేకపోతే లేకపోనీ, ఉంటే చాలు అంది.

వింటున్నవాళ్ళకి గుండె తరుక్కుపోయే మాటే. చాదస్తం గుండె కూడా తరుక్కుపోయింది. కానీ చెయ్యి వెనక్కి లాక్కుంది. అసలు ఏం జబ్బు, ఏమైంది అని అడిగింది. మర్యాద పేరు చెప్పి ఇన్నేళ్ళూ అడగని మాట అది.

చిన్నప్పటినుంచీ పిల్ల ఒంట్లో రక్తం ఊరదట. కొన్ని వారాలకొకసారి పరాయివాళ్ళ రక్తం ఎక్కించుకోవాలి. ఎక్కిస్తే లేచి తిరుగుతుంది, అది తగ్గేకొద్దీ వాడిపోతుంది, మళ్ళీ ఎక్కించాలి. పెరిగేకొద్దీ పిల్ల దాన్నే హాస్యంగా మార్చుకుంది. రక్తం ఎక్కించుకుని వచ్చిన మర్నాడు, ఈసారి ఎవరిదో గానీ మహా కోపిష్టి మనిషిదమ్మా, పొద్దున్నుంచీ అందరినీ తిట్టబుద్ధేస్తోంది అనేదట. ఇంకోసారి ఎవరో బద్ధకస్తుడిదని చెప్పి మధ్యాహ్నం దాకా మంచం దిగలేదట. చెబుతూ తల్లి నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

గుడ్లగూబ రాసిన పేజీలు చాదస్తం కళ్ళముందు తిరిగాయి. దొరకి నెత్తురు అవసరమయ్యే ముందు కాలివేళ్ళ నుంచి పైకి పాకే చలి. ఒంట్లోకి కొత్త నెత్తురు చేరుతున్నప్పుడు నోట్లో ఇనప రుచి. మర్నాడు రంగులన్నీ ఒక్కసారి తిరిగి రావడం. ఇది ఎవరిదో, వాళ్ళకి తనెలా తీర్చుకోగలడో అని దొర పడే సిగ్గు. ఎక్కడా లేని ఈ సంగతులు గుడ్లగూబ రాతలోనే ఉండేవి. ఎలా తెలుసే ఇవన్నీ అని ఒకసారి అడిగితే, ఊహే చాదస్తమూ, ఊహకేం ఖర్చు అని రాసింది. దొర ఏం కాడో, ఏం చెయ్యకూడదో అన్నీ పట్టిపట్టి చూసింది తను. రాస్తున్న మనిషి వైపు చూడనే లేదు.

దుఃఖం వచ్చినప్పుడు కొందరు ఏడుస్తారు, కొందరికి కోపం వస్తుంది. చాదస్తం రెండోరకం. ఆ కోపానికి ఎదురుగా తల్లి తప్ప ఎవరూ లేరు. పైగా కథలో దాది ఉంది. తెల్లవారేసరికి ఇల్లంతా తిరిగి కిటికీలన్నిటికీ తెరలు లాగేది దాదే. దొర అలసిపోయాడు, చాలింక అంటాడు. దాది వినదు, ఇంకొక్క రోజు అంటుంది, ఇంకో నెత్తురు సీసా తెస్తుంది. చదివేవాళ్ళందరూ దాదిని తిట్టేవాళ్ళు. ఆ దాది ఎవరో చాదస్తానికి ఇప్పుడు తెలిసిందనిపించింది. తెలిసిందనుకున్న మాట కడుపులో దాచుకునే అలవాటు లేదు కదా.

"వదిలిపెట్టలేనిది మీరే ఆంటీ. తను అలసిపోయింది. పేజీ పేజీలో అదే రాసుకుంది. మీరు అప్పుడూ వినలేదు, ఇప్పుడూ వినడం లేదు."

తల్లి తలవంచుకుని కొంగు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. తిట్టినా బాగుండేది. చాదస్తం ఆగలేక ఇంకా ముందుకి వెళ్ళింది. ఈ కథకి ముగింపు ఉందని, గుడ్లగూబ తనకి ఫోన్లో చెప్పిందని, రాసే ఓపిక వచ్చేదాకా ఎవరితోనూ అనవద్దని మాట తీసుకుందని చెప్పింది. అదే ఆఖరిసారి ఆ గొంతు వినడమని అప్పుడు తెలియదు. తల్లి మొహం తిప్పుకుంది. వద్దు, నేను వినను అంది. అంటూనే, ఇంత చిన్న గొంతుతో, చంపేస్తుందా అని అడిగింది.

చాదస్తం చెప్పింది. దొరకి ఒక తమ్ముడు ఉంటాడు. అన్నని ఎలాగైనా నిలబెట్టాలని మందు కోసం దేశాలు పట్టి తిరుగుతుంటాడు. అతను అలా వెళ్ళిన ఒక తెల్లవారుజామున దొర దాదిని పిలిచి, ఈ ఒక్క తెర వెయ్యకు అంటాడు. దాది ఎప్పటిలాగే వాదిస్తుంది, ఏడుస్తుంది. ఆయన ఏమీ అనకుండా చూస్తూ ఉంటాడు. చివరికి దాది ఆయన పక్కన కూర్చుని తెర తీసేస్తుంది. ఎండ వస్తుంది. తమ్ముడు తిరిగివచ్చి అడిగితే, తెర తాడు తెగిపోయింది బాబూ, నేను చూసుకోలేదు అంటుంది. అంతే, అక్కడితో సమాప్తం.

"ఆ అబద్ధం దాదికి తట్టదు. దొరే ముందుగా నేర్పిపెడతాడు. తాడు తెగిందని చెప్పు, వాడు తట్టుకోలేడు అంటాడు" అని కూడా చెప్పింది చాదస్తం, దిద్దేవాళ్ళకి ఏ వివరమూ వదలబుద్ధి కాదు కాబట్టి.

తల్లి తలెత్తింది. ఆవిడ మొహంలో నెత్తుటిచుక్క లేదు.

"ఆ అబద్ధం సంగతి కూడా చెప్పిందా నీకు?"

ఆ అడగడంలో ఏదో ఉంది. తల్లి ఒకసారి తలుపు వైపు చూసింది. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు, ఇన్నాళ్ళూ అందుకే కుక్కుకుని కూర్చున్నానమ్మా అని, తర్వాతి మాటలు గోడలకి కూడా వినిపించకూడదన్నట్టు గొంతు తగ్గించి చెప్పింది.

ఏళ్ళ తరబడి ఎక్కించిన రక్తంలోని ఇనుమంతా పిల్ల గుండెలో పేరుకుపోయింది. ఎక్కిస్తే నాలుగు రోజులు, ఎక్కించకపోతే ఇంకా తక్కువ. ఇంక నాకొద్దమ్మా అని అది చాలాకాలంగా అంటూనే ఉంది. తను వినలేదు. నువ్వన్నది నిజమే, వదిలిపెట్టలేదు, కాళ్ళు పట్టుకుని ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అన్నాను అంది. ఆ రోజు కూడా అంతే అనబోయింది. భర్త రక్తం కోసం పొద్దున్నే బయల్దేరి వెళ్ళాడు. హాస్పిటల్లో తనూ పిల్లా మాత్రమే ఉన్నారు. పిల్ల మాట్లాడలేదు. బతిమాలలేదు. చూస్తూ ఉంది.

"రక్తం దొరికింది తల్లీ. ఆయన మొదటి బ్లడ్‌బ్యాంకుకి చేరకముందే దొరికింది. హాస్పిటల్‌వాళ్ళే తెప్పించి మంచం పక్కన పెట్టారు. వద్దని నేనే పంపించేశాను. నా నోటితో నేనే."

చాదస్తం వచ్చి మంచం అంచున కూర్చుంది.

"దొరకలేదని నాన్నకి చెప్పమ్మా అంది. దొరికితే నేనే వద్దన్నానంటే ఆయన తట్టుకోలేరు అంది. సరే అన్నాను. దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆయన వచ్చి అడిగితే అదే చెప్పాను. ఆ రోజునుంచీ ఆయన తన కాళ్ళని తనే తిట్టుకుంటున్నారు, ఆటో ఎక్కి ఉంటే, ఆటో ఎక్కి ఉంటే అని. నేను పక్కనే కూర్చుని వింటూ ఉంటాను."

ఎర్రగీతలు గీసీ గీసీ అలవాటైన అమ్మాయి, ఇందులో ఎక్కడ గీత పెట్టాలో తెలియక చేతులు ఒడిలో పెట్టుకుంది. వదిలిపెట్టలేని మనిషని ఇందాక ముఖంమీద అన్నది తనే. వదిలిపెట్టిన మనిషి చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చుని, ఆ మాట కూడా పడింది. చాదస్తానికి ఏడుపు ఇప్పుడు వచ్చింది. ఏడాది ఆలస్యంగా, స్నేహితురాలి కోసం వచ్చింది. తల్లి దగ్గరికి జరిగి, కొంగుతో ఆ అమ్మాయి మొహం తుడిచింది.

"అందుకే అడుగుతున్నాను. ఆ పని ఒకసారి చేశాను. ఆ కథలో కూడా మళ్ళీ నా చేతే చేయించకు."

చాదస్తం ఏం చెప్పేదో మనకి తెలియదు. చెప్పడానికే నోరు తెరిచింది. అంతలో దగ్గరికి వేసిన తలుపు ఇంకాస్త తెరుచుకుంది.

పెద్దాయన గుమ్మంలో ఉన్నాడు. చేతిలో చిన్న ప్లాస్టర్ అచ్చు ఉంది. దొరగారి కోరలు చెయ్యడానికి కూతురి పళ్ళకి తీసిన అచ్చు అది. స్నేహితురాలు వచ్చింది కదా, చూపిద్దామని బల్లల మధ్య వెతికి దుమ్ము తుడిచి తెచ్చాడు. ఎప్పుడు వచ్చాడో, ఎంతసేపటినుంచి అక్కడ ఉన్నాడో ఇద్దరిలో ఎవరికీ తెలియదు. అచ్చుని మాత్రం కిందపడకుండా జాగ్రత్తగా రెండు చేతులతోనూ పట్టుకుని ఉన్నాడు.

చాదస్తం వైపు ఆయన చూడలేదు. భార్య వైపే చూశాడు. కోపం లేదు, కేక లేదు. ఆ రోజు ఊరంతా తిరిగి, ప్రతి కౌంటరు ముందూ వంగి నిలబడి ఏ గొంతుతో అడిగాడో, అదే గొంతుతో అడిగాడు.

"దొరికిందా?"